పచ్చకర్పూరం చల్లిన పడక

పామును పెంచుకుంటానని మా అమ్మాయి రెండేళ్లు నా ప్రాణం తీసింది. సరే అన్నది మా ఆయన, నేను కాదు. ఆ సంగతి సందు దొరికినప్పుడల్లా ఆయనకి గుర్తు చేస్తూనే ఉంటాను. వచ్చింది కింగ్‌స్నేక్. నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలు, విషం లేదు, నా చెయ్యి బారు కంటే కాస్త పొడుగు. పన్నెండేళ్ల మా పిల్ల దాన్ని ‘వాడు’ అంటుంది కాబట్టి మేమూ అలాగే అంటాం.

మొదటి శనివారమే వాడికి పరుపు కొనాలని, చికాగో పక్కన మేముండే నేపర్‌విల్‌లో పెంపుడు జంతువుల షాపుకి లాక్కెళ్లింది. పరుపంటే గాజు పెట్టె అడుగున మందంగా పరిచే పొట్టు. షాపులో ఒక వరస మొత్తం అదే. మా పెళ్లైన కొత్తలో మేం పడుకునే పరుపు పది నిమిషాల్లో కొన్నాం, పాము పరుపు దగ్గర గంటన్నర నిలబడ్డాను. ఒకచోట కొబ్బరి పీచుని ఇటుకలా నొక్కి, ప్లాస్టిక్ చుట్టి, దాని మీద అడవి బొమ్మ వేసి పెట్టారు. నాకు ఒళ్లు మండింది.

“ఇది అంట్లు తోముకునే పీచే! దీన్ని కొనడమేమిటి?” అన్నాను.

“అమ్మా, మెల్లగా. అందరూ చూస్తున్నారు,” అంది పిల్ల. తర్వాత పెద్ద పంతులమ్మలా మొదలుపెట్టింది. పీచు తడి పట్టి ఉంచుతుందట, ఈ జాతికి అంత తడి అక్కర్లేదట. ఆస్పెన్ చెక్క పొట్టయితే పొడిగా ఉంటుంది, సొరంగాలు చేసుకుని దాక్కోవచ్చు. “దాక్కోకపోతే వాడికి స్ట్రెస్ వస్తుంది.”

ఈలోగా నేను పక్కనున్న దేవదారు పొట్టు సంచీ వాసన చూశాను. కొత్త చెక్క బీరువా తలుపు తీసినట్టు ఘుమఘుమలాడుతోంది. ఇదే తీసుకుందాం, ఇల్లంతా బాగుంటుంది అన్నాను. పిల్ల నా చేతిలోంచి సంచీ లాగేసుకుంది.

“నో! సీడర్ వాడికి పాయిజన్. ఆ స్మెల్ వల్లే. లంగ్స్ పాడైపోతాయి.”

మంచి వాసన కూడా పడని జీవమేమిటని విసుక్కున్నాను గానీ, విన్నాను. విన్నానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత నేను చేసిన పనికి తెలియదనే సాకు లేదు.

ఆస్పెన్ పొట్టు వాడికి బాగా నచ్చింది. ఒక్కోసారి రోజంతా కనిపించడు. సాయంత్రం నేను కాఫీ కప్పుతో వాడి పెట్టె ఉన్న గదిలోకి వెళ్లేసరికి పొట్టులోంచి బొటనవేలంత తల బయటపెట్టి నన్ను చూస్తుంటాడు. ఆఫీసు మీటింగుల్లో నన్ను అంత శ్రద్ధగా ఎవరూ చూడరు. ఎనిమిది నెలల్లో మాకు బాగానే అలవాటైంది, అద్దానికి అటు వాడు, ఇటు నేను. ముట్టుకోవడం మాత్రం నా వల్ల కాదని తేల్చి చెప్పేశాను.

మొన్న శరదృతువులో పిల్ల స్కూలు వాళ్లతో మూడు రోజుల క్యాంపుకి వెళ్లింది. నీళ్లు మార్చు, మురికి చేస్తే అక్కడి పొట్టు మాత్రం గరిటెతో తీసెయ్, ఇంకేమీ చెయ్యొద్దని నాకు నాలుగుసార్లు చెప్పి బస్సెక్కింది. మూడో రోజు శుక్రవారం. మర్నాడు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం, ముప్పై మంది భోజనాలు. సరిగ్గా ఆ ఉదయమే వాడు పొట్టు పాడుచేశాడు. ముక్కు మూసుకుని గరిటెతో తీసేశాను. కానీ వాసన పోలేదు, లేక పోలేదని నాకు అనిపించింది. పీటల మీద కూర్చున్నప్పుడు ఆ వాసన హాల్లోకి వస్తే నా పరువేం కాను?

ప్రసాదంలోకని తెచ్చిన పచ్చకర్పూరం వంటింట్లో ఉంది. దేవదారు గుర్తుకు రాక కాదు. అది చెక్క, ఇది దేవుడి తీర్థంలో వేసి పిల్లాజెల్లా అందరం తాగేది, దీనివల్ల ఎవరికేం నష్టం అనుకున్నాను. రెండు పలుకులు నలిపి, పొట్టు మీద చల్లి, మూత పెట్టి, వెళ్లి నా గదిలో కంప్యూటర్ ముందు ఆఫీసు మీటింగులో కూర్చున్నాను.

అరగంటకి పక్క గదిలోంచి గీకుతున్న చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే వాడు నిలువునా లేచి మూతని ముక్కుతో పొడుస్తున్నాడు. పక్కకి జారి పడుతున్నాడు, మళ్లీ లేస్తున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆ నోరు చూడగానే ఊపిరి అందడం లేదని అర్థమైంది. మా ఆయన చికాగో ఆఫీసులో ఉన్నాడు, రైలు దొరికినా వచ్చేసరికి గంట పైనే. పిల్ల సాయంత్రానికి వస్తుంది. వచ్చేసరికి వీడు చచ్చిపోతే? నా చేతులారా చంపినట్టే కదా!

పాముల్ని చూసే వెటర్నరీ క్లినిక్‌కి ఫోన్ చేశాను. అవతలి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నే, బెడ్డింగ్ ఏం వేశారని. ఆస్పెన్ అన్నాను. ఒక్క క్షణం ఆగి, కర్పూరం కూడా అన్నాను. ఆవిడ తిట్టలేదు. ఇప్పుడే బయటకి తీయండి, కిటికీలు తెరవండి, వేరే డబ్బాలో ఉత్త పేపర్ టవల్స్ వేసి అందులో ఉంచండి, అప్పటికీ నోరు తెరిచే ఉంటే తీసుకొచ్చేయండి అంది.

తీయండి అంటే నేనే తీయాలి.

కళ్లు మూసుకోలేదు, మూసుకుంటే వాడు జారిపోతాడేమోనని భయం. రెండు చేతులూ పెట్టి నడుము దగ్గర ఎత్తాను. జిగురుగా, చల్లగా ఉంటాడనుకున్నాను. చింతగింజలా పొడిగా, నున్నగా ఉన్నాడు. నా గాజుల మీదుగా మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని గట్టిగా పట్టుకున్నాడు. వాడూ భయపడుతున్నాడని అప్పుడు తెలిసింది. తెరిచిన కిటికీ దగ్గర నిలబడి, “అయిపోయింది నాన్నా, అయిపోయింది,” అని పాముతో తెలుగులో మాట్లాడాను. కాసేపటికి నోరు మూసుకున్నాడు. నాలుక బయటపెట్టి చల్లగాలిని రుచి చూశాడు. నేను ఆఫీసు మీటింగుకి మళ్లీ వెళ్లలేదు.

సాయంత్రానికి వాడు కులాసాగా ఉన్నాడు. పెట్టె కడిగి ఆరబెట్టాను. మా ఆయన ఫోన్‌లో, “వాడు బాగానే ఉన్నాడు కదా, పిల్లకెందుకు చెప్పడం? రేపు వ్రతం పెట్టుకుని ఇంట్లో ఏడుపులెందుకు?” అన్నాడు. నాకూ అదే బాగుందనిపించింది. కానీ క్లినిక్ ఆవిడ రెండు మూడు రోజులు ఊపిరి గమనించమంది. గమనించేది పిల్ల, నేను కాదు. దానికి తెలియకపోతే ఎలా?

స్కూలు పార్కింగ్ లాట్‌లో పిల్ల కారెక్కగానే, ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే మొత్తం చెప్పేశాను. కర్పూరంతో సహా.

అది సీటు బెల్టు పెట్టుకోబోయి ఆగింది. ముఖం ఎర్రబడింది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే పడదామనే కూర్చున్నాను. నా కూతురు కదా, నోరు ఎక్కడికి పోతుంది?

“నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు,” అంది చివరికి.

“తెలిసేది కాదు.”

అది తన ఎడమ చేతి చూపుడువేలు చూసుకుంది. “వాడు వచ్చిన ఫస్ట్ వీక్ నన్ను కరిచాడు. ఫుడ్ అనుకున్నాడు. చాలా బ్లడ్ వచ్చింది. నేనే కడుక్కున్నాను. స్టేప్లర్ గుచ్చుకుందని నీకు అబద్ధం చెప్పాను.”

“నాకెందుకు చెప్పలేదే?”

“నువ్వు అరుస్తావని. అరిచి, వాడిని పంపించేస్తావని.”

నోరు తెరిచాను. నిజంగా అరవబోయాను, ఆ సంగతి దానికీ తెలిసింది, తల వంచేసుకుంది. దాని వేలు నా చేతిలోకి తీసుకుని, “బాగా నొప్పెట్టిందా?” అని అడిగాను.

“పెట్టిందమ్మా,” అంది. ఎనిమిది నెలల క్రితం నా దగ్గరికొచ్చి ఏడవాల్సిన ఏడుపు, అప్పుడు ఏడ్చింది.