పదికి ఎంత నొప్పి?

తెనాలి బజారులో మా నాన్నది బట్టల కొట్టు. కొనేవాళ్ల కళ్లు చదవడం నాకు ఎక్కాలకంటే ముందే వచ్చింది. డాక్టరునై బాపట్ల ఆసుపత్రిలో చేరినా ఆ బుద్ధి పోలేదు. కొత్తిమీర కట్టకు కూడా గీచి గీచి బేరమాడతానని కూరగాయలావిడ నన్ను చూడగానే ధర పెంచి చెబుతుంది. అయినా గెలిచాననుకునే ఇంటికొస్తాను.

రేపల్లె వైపు రొయ్యల చెరువుల మీద ఒడిశా నుంచి వచ్చినవాళ్లు చాలామంది పనిచేస్తారు. వాళ్లు జబ్బుపడి వస్తే మాట అటూ ఇటూ చేర్చడానికి మా దగ్గర ఒకావిడ ఉంది. ఒడియా ఆమె పుట్టింటి భాష. తెలుగు ఇక్కడికి కాపురానికొచ్చాక నేర్చింది. రోగి అన్నది అన్నట్టే, “నేను” అంటూనే చెబుతుంది. ఒక్క ముక్క కలపదు, తీయదు. మొదట్లో నేను ఆమె మొహం చూసి మాట్లాడుతుంటే, “నన్ను కాదు మేడమ్, ఆయన్ని చూసి అడగండి,” అని దారిలో పెట్టింది.

ఒకరోజు చెరువు కాపలా మనిషి ఒకాయన కడుపు నొప్పితో వచ్చాడు. నొప్పి పదికి ఎంత అని అడిగాను.

“నాకు రెండేనండి. మాత్రిస్తే పోతాను,” అంది ఆమె, ఆయన మీసాలు తనకే ఉన్నంత నిబ్బరంగా. పక్క మంచం మీదావిడ కిసుక్కున నవ్వింది.

కుడివైపు పొట్ట మీద చెయ్యి వేయనివ్వడం లేదు. అపెండిక్స్ అని నా అనుమానం. స్కాన్ తీయాలి, ఉండమంటే ఉండనంటాడు. నోరు రెండంటోంది గాని చూపు నా పెన్ను వదలడం లేదు. నచ్చిన చీరను పక్కకు తోసేసి తక్కువకు అడిగేవాళ్లు అలాగే చూస్తారు.

ఆ అంకె ఎందుకడిగాననుకుంటున్నారని ఆయన్నే అడిగాను. ఆమె ఒడియాలో చెప్పింది. ఆయన తల దించుకున్నాడు.

“ఎంత చెబితే అంత బిల్లు వేస్తారు కదండీ.”

బేరగాణ్ణి బేరగత్తె పట్టేసింది. అంకెకూ బిల్లుకూ సంబంధం లేదనీ, నిజం చెప్పకపోతే ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పాను. ఆయన ఆమె చేత రెండుసార్లు చెప్పించుకుని గాని నమ్మలేదు.

“తొమ్మిదండి. ఓర్చుకోలేకపోతున్నాను.”

స్కాన్‌లో చూస్తే అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉంది. మా సర్జన్ ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు.

తేరుకున్నాక ఆయన ఏదీ దాచకుండా ఫిర్యాదులు మొదలుపెట్టాడు. ఇడ్లీ చప్పగా ఉందట, సూది వేసే నర్సు చెయ్యి మోటట, పక్క మంచం గురక భరించలేడట. మాట చేర్చే ఆవిడ ఒక్కటీ వదలకుండా, “నేను” అంటూనే నాకు అప్పజెప్పింది. మా ఇద్దరికీ శాలువాలు కప్పినా అంత గర్వంగా ఉండేది కాదు.