మోకాళ్ల నొప్పీ, వెన్న పెట్టెలూ

ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీలో స్టోరు కీపరుని అందరూ తాళాల బాబాయ్ అనేవారు. సెలవు పెట్టడమంటే ఆయన ఒంటికి పడదు. జ్వరమొస్తే మందు సీసాతో సహా వచ్చి స్టోరులోనే కూర్చునేవాడు. నడుముకున్న తాళాలగుత్తి ఒక్కపూట కూడా ఇంకొకరి చేతికివ్వలేదు.

అంత గట్టి మనిషికీ ఒక మెత్తని చోటుంది. ఆయన మోకాళ్లు. నొప్పి సంగతి అలా ఉంచి, ఆ నొప్పి గురించి ఎవరూ అడగరన్నదే ఆయన అసలు బాధ. ఇంట్లో ఆ ఊసెత్తితే చాలు, భార్య పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచిపోయేది.

వెన్న పెట్టెలు తెచ్చే డ్రైవరు ఒక్కడే అడిగేవాడు. "కుడికాలు ఎలా ఉంది బాబాయ్? నిద్ర పట్టిందా?" అంటూ స్టూలు తనే జరిపి కూర్చోబెట్టేవాడు. "మీరు లేవకండి. లోపల నేను పెట్టించేస్తాగా!" కన్నకొడుకు కూడా ఇంత చూడడని బాబాయ్ పొంగిపోయేవాడు. పెట్టెల దొంతర తన ముందు నుంచి చల్లగదిలోకి పోతుంటే, కూర్చున్నచోటు నుంచే పైపైన ఓ చూపు చూసి సంతకం పెట్టేసేవాడు.

ఇలా ఉండగా వెన్న లెక్క తేడా రావడం మొదలైంది. కొన్నది బోలెడు, వాడింది కొంచెం, మిగలాల్సింది మాత్రం కనపడదు. తాళం ఎవరిదో తప్పూ వాళ్లదే కదా! బాబాయ్ క్యాంటీన్‌లోకి వస్తే మాటలు ఆగిపోయేవి. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి అని ఎవరో గొణగడం ఆయన చెవిన పడనే పడింది. ఆ రోజు క్యారేజీ విప్పకుండానే స్టోరుకి తిరిగొచ్చేశాడు.

పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన ఆడిట్ అమ్మాయి ఓ కొత్త పద్ధతి పెట్టింది. తాళాలున్న ప్రతివాళ్లూ ఏడాదికో వారం సెలవు తీసుకోవాలి, ఆ వారం వాళ్ల కుర్చీలో ఇంకొకరు కూర్చోవాలి. మొదటి వంతు బాబాయ్‌ది.

"ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని కాపాడానమ్మా. నన్ను దొంగంటున్నావా?"

"అనట్లేదు బాబాయ్ గారూ. కాదని కూడా ఎవరో ఒకరు తేల్చాలి కదా. మీరు ఆ కుర్చీలోనే ఉంటే అదెలా తేలుతుంది?"

ఆ మాట ఆయన బుర్రకెక్కలేదు. తాళాలు బల్ల మీద పెట్టి, ఒళ్లు సగమైనట్టు ఇంటికి నడిచాడు.

ఇంట్లో ఊరికే కూర్చోలేక కారని కుళాయి విప్పి, కారేలా బిగించాడు. "ఉద్యోగం పోతే పోయింది. దొంగ అన్న పేరు మోసుకుని ఈ వీధిలో ఎలా తిరగనే?" అని చివరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. భార్యకి ఆ పూట పొయ్యి గుర్తురాలేదు. పక్కన కూర్చుని మోకాళ్లకి నూనె రాస్తూ, "మీ సంగతి నాకు తెలీదా? దొంగతనం చెయ్యాలంటే ముందు లేవాలండీ" అంది. ఏడుస్తున్నవాడు నవ్వేశాడు.

వారం తిరక్కుండానే రమ్మని ఫోనొచ్చింది. స్టోరులోకి అడుగుపెట్టాడు. ఆయన కుర్చీలో ప్యాకింగ్ సెక్షన్ అక్క కూర్చుని ఉంది. ముక్కుసూటి మనిషి. పొద్దున డ్రైవరు వచ్చి, "అక్కా, మీకు నడుంనొప్పి లాంటిదేమైనా..." అని మొదలెట్టాడట.

"నాకే నొప్పులూ లేవు, దొంతర విప్పు అన్నాను బాబాయ్" అంది అక్క.

విప్పితే ఏముంది! చుట్టూ వరసలు నిండుగా ఉన్నాయి. మధ్యలోవన్నీ ఖాళీ పెట్టెలు, టేపు మాత్రం శుభ్రంగా అంటించి. ఖాళీలని లోపలే మడిచి మళ్లీ బండిలో పట్టుకుపోతున్నానని డ్రైవరు అక్కడికక్కడే ఒప్పుకున్నాడు.

గుండెల మీది బండ దిగి బాబాయ్ స్టూలు మీద కూలబడ్డాడు. చూడకుండా సంతకం పెట్టినందుకు మేనేజరు నాలుగు చివాట్లు పెడితే తేనెలా మింగాడు. కాసేపటికి మాత్రం మొహం వాడిపోయింది.

"నిజంగానే నా కాలి గురించి అడిగాడనుకున్నానమ్మా" అన్నాడు ఆడిట్ అమ్మాయితో.

ఆమె తాళాలగుత్తి ఆయన చేతిలో పెట్టింది. "ఎవరైనా అడిగితే బాగుండునని అందరికీ ఉంటుంది బాబాయ్ గారూ. వాడికి మీ తాళంతో పనిలేదు, మీరు లేవకుండా ఉంటే చాలు. అడిగినవాళ్లతో హాయిగా మాట్లాడండి. పెట్టెలు విప్పించాక."

మర్నాడు కొత్త డ్రైవరు వచ్చాడు. బాబాయ్ కుంటడం చూసి, "అయ్యో, కాలికేమైంది బాబాయ్? మీరు కూర్చోండి, నేను పెట్టిస్తాను" అన్నాడు.

బాబాయ్ సగం కూర్చున్నాడు. ఆ పలకరింపుకి ప్రాణం లాగేసింది. మళ్లీ పంటిబిగువున లేచి, దొంతర విప్పించి, నట్టనడుమ పెట్టె తన చేత్తో ఎత్తి చూశాడు. నిండుగా, బరువుగా ఉంది.

అప్పుడు స్టూలు మీద కూర్చుని, ఆ కుర్రాణ్ణి కూడా కూర్చోబెట్టుకుని, మోకాళ్ల కథంతా మొదటినుంచీ చెప్పాడు.