నల్ల బూజు మీద తెల్ల సున్నం

కొత్తగా కొలువులో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. సంతోష్‌నగర్ అవతల సైనిక కుటుంబాలుండే క్వార్టర్లకు మరమ్మతులు చేసే ఒక కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్‌ని. ఆయన్ని అందరం సేఠ్ అనేవాళ్లం. మొదటి వారమే ఒక ఫిర్యాదు వచ్చింది: 'పడకగదిలో బూజు.' బూజంటే సాలెగూడే కదా అని పత్తర్‌గట్టి బజార్లో పొడుగాటి బూజుకర్ర కొని, బైకు మీద జెండాలా నిలబెట్టుకుని వెళ్లాను. తలుపు తీసిన ఆ ఇంటి అక్క (భర్త హవల్దారు, సరిహద్దు మంచుకొండల్లో డ్యూటీ, ఐదేళ్ల కూతురితో ఒక్కతే ఉండేది) ఆ కర్రనూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"గిదేంది తమ్మీ? లోపటికొచ్చి చూడు."

మంచం వెనక గోడంతా నల్లటి మచ్చలు, చెమ్మ, ముక్కిన వాసన. పాప దగ్గుతూనే నాకు మంచినీళ్లు తెచ్చింది. "రెండు నెలల సంది గిట్లనే దగ్గుతుంది. డాక్టరేమో ఇల్లు మార్చుమంటుండు. గీడ ఎవ్వలు నా మాట ఇంటలేరు" అంది అక్క. సేఠ్‌కు ఫోన్ చేశాను. "అరే, దో కోట్ సున్నం మారో! ఎల్లుండి మిలిట్రీ పెద్దసారు చూడనీకి వస్తుండు. గోడ తెల్లగుంటే ఇంకేం ఫికర్?" అన్నాడు. నేను సరేనని సున్నం వేయించాను (పైగా అక్క ఇచ్చిన చాయ్ కూడా తాగాను).

మూడో రోజు పెద్దసారు వచ్చేసరికి మచ్చలు మళ్లీ తొంగిచూస్తున్నాయి. సేఠ్ కనుసైగ చేస్తే వెళ్లి వాటికి వీపు ఆనించి నిలబడ్డాను. "ఫస్ట్‌క్లాస్ సార్" అంటున్నాడు సేఠ్. అప్పుడే నాకు తుమ్ములు మొదలయ్యాయి. ఒకటి కాదు, ఏడు. పాప జాలిగా నా దగ్గరికొచ్చి, "అంకుల్, నువ్వు గూడ గీ అర్రలనే పండుకుంటున్నవా?" అని అడిగింది.

 నేను ముందుకు జరగగానే తడి సున్నం పెచ్చుగా లేచి నా చొక్కాతో పాటే వచ్చింది. వెనక నల్లగోడ. పెద్దసారు నా వైపు చూశారు. "సార్, చెమ్మ ఎక్కడికెల్లి వస్తుందో నేను చూడలే. చూడకుంటనే సున్నం ఏపిచ్చిన. తప్పు నాదే" అన్నాను.

ఆ సాయంత్రమే తల్లీకూతుళ్లను ఖాళీగా ఉన్న మరో క్వార్టర్‌కు మార్చారు. గోడ పగలగొడితే పైఇంటి నీళ్ల పైపు కారుతోంది. అది విని ఆ వరుసలోని ఆడవాళ్లంతా "మా ఇల్లు గూడ చూడుండ్రి" అని బయటికొచ్చారు. అన్నీ చూశారు, బాగుచేయించారు. సేఠ్ మాత్రం నన్ను రేపటి నుంచి రావద్దన్నాడు.

కొన్నాళ్లకు హవల్దారు సెలవు మీద వచ్చి, అడ్రసు కనుక్కుని పురానాపూల్ దగ్గరున్న మా ఇంటికొచ్చాడు. నా చేయి పట్టుకుని, "తమ్మీ, ఫోన్ల బిడ్డ దగ్గు ఇనొస్తుండె. గా మంచుల నాకు నిద్ర పడకపోతుండె. ఇప్పుడు పడుతుంది" అన్నాడు.  నేను "కొత్త క్వార్టర్ల నల్లా నీళ్లు మంచిగొస్తున్నయా అన్నా?" అని అడిగాను.

అంత మాటకు ఆనాటి నాకు, ఆ ఇరవై రెండేళ్లవాడికి, తోచిన జవాబు అదీ! తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వాడంటే కాస్త ముద్దూ వస్తుంది.