హైమవతి పలకని పేరు

బుజ్జిబాబుకి అట్లకాడ అంటే ఎందుకంత ఇష్టమో ఝపటాపూర్‌లోని బెంగాలీ నేల మీది ఆ తెలుగువాళ్ల సందులో అందరికీ తెలుసు. తెలుసనే వాళ్లు అనుకునేవారు. వాడికింకా రెండేళ్లు నిండలేదు. నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆ అట్లకాడ వాడి చేతిలోంచి దిగలేదు. నీళ్ల బకెట్టును కొడతాడు, గేటును కొడతాడు, ఎదురింటివాళ్ల స్కూటరును కొడతాడు. కొట్టి ఊరుకుంటే అందరి పిల్లల్లాగే ఉండేవాడు. వీడు కొట్టాక తల వాల్చి, ఎడమ చెవి దగ్గరగా పెట్టి, నోరు కాస్త తెరిచి వింటాడు. మోత పూర్తిగా అణిగేదాకా కదలడు. ఆ తర్వాత "పోనీ" అనేసి ఇంకోదాని దగ్గరికి నడుస్తాడు.

అది మొదటిసారి చూసిన రోజు పక్కింటి ఎస్తేరమ్మ బియ్యం చెరుగుతున్న చేటను కింద పెట్టేసింది.

"ఒదినా, సూసినావా? అన్నయ్యే. అచ్చం అన్నయ్యే."

"ఏటన్నయ్య? గుంటడు ఆడుకుంటన్నాడు" అంది హైమవతి. మనవణ్ణి చంకనేసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఎస్తేరమ్మ అన్న ఆ అన్నయ్య హైమవతి భర్త దేముడు. నిమ్‌పురా రైల్వే యార్డులో బండి చక్రాలను సుత్తితో కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పడం ఆయన ఉద్యోగం. మంచి చక్రం గుడి గంటలా మోగుతుందని, పగిలింది దగ్గు పట్టిన మనిషిలా పలుకుతుందని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఏళ్ల తరబడి యార్డు రొదలో ఉండి కుడి చెవి పోయింది. అందుకని ఎడమ చెవి వాల్చి వినేవాడు. ఇంట్లో కూడా చెయ్యి ఊరుకునేది కాదు. కొబ్బరికాయ, గోడ, మంచం కోడు, పెళ్లిచూపులకి వచ్చిన వాసుదేవ్ తెచ్చిన స్వీటు డబ్బా, దేన్నయినా సరే వేలి కణుపుతో కొట్టి, విని, యార్డులో పగులు లేని బండిని వదిలినట్టే "పోనీ" అనేవాడు. ఆ వాసుదేవే తర్వాత అల్లుడయ్యాడు. రైలింజన్ల మీద అసిస్టెంటు డ్రైవరు, ఇంట్లో ఉండే రోజుల కంటే లైను మీద ఉండే రోజులే ఎక్కువ.

రిటైరైన కొన్నాళ్లకి దేముడికి మరుపు మొదలైంది. ముందు కళ్లజోడు ఎక్కడ పెట్టాడో మరిచిపోయేవాడు, తర్వాత రిటైరైన సంగతే మరిచిపోయాడు. కూతురు కళ్యాణి నీళ్లోసుకుని ఉన్న రోజుల్లో ఒక పొద్దున్న పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, డ్యూటీకని సైకిలెక్కి వెళ్లాడు. సైకిలు స్టేషను స్టాండులో దొరికింది. మనిషి దొరకలేదు. పూరీ వెళ్లే రైలు దగ్గర చూశామని కొందరన్నారు. కాదు, విశాఖ వైపు బండెక్కాడని ఇంకొకరన్నారు. పోలీసులకి చెప్పారు, ఆస్పత్రుల్లో చూశారు, శ్రీకాకుళం వైపు ఉన్న చుట్టాలందరినీ అడిగారు. చావు కబురు రాలేదు, బతుకు కబురూ రాలేదు. ఆ తర్వాత నెలలు నిండి బుజ్జిబాబు పుట్టాడు.

హైమవతి గుండెలో రాయి పడేది ఇక్కడే. పోయిన పెద్దవాళ్లు తర్వాత పుట్టిన బిడ్డగా ఆ ఇంటికే తిరిగి వస్తారని వాళ్లలో నమ్మకం. బిడ్డ నడక, చూపు, అలవాటు ఏదో ఒకటి చూసి ఫలానావారే వచ్చారని గుర్తుపడతారు, ఆ పేరే పెట్టుకుంటారు. అందరికీ అది సంబరం. కానీ దేముడు పోయాడని ఎవరన్నారు? వీడు దేముడే అయితే, ఆ దేముడిక ఎక్కడా లేనట్టే. అట్లకాడ మోగినప్పుడల్లా సందులో వాళ్లు మురిసిపోతుంటే, హైమవతికి మాత్రం ఎవరో వచ్చి తన బొట్టు మీద చెయ్యి వేసినట్టుండేది.

అందుకే పిల్లాడికి పేరు పడలేదు. బారసాల నాడే కళ్యాణి తండ్రి పేరు పెడతానంది. హైమవతి ఒప్పుకోలేదు.

"మనిసుండగా ఆ పేరు ఇంకొకలకి ఎలాగెడతావే?"

"ఉన్నాడని నీకెవలు సెప్పినారమ్మా?"

"నేడని నీకెవలు సెప్పినారు?"

అక్కడితో ఆ మాట ఆగిపోయింది. పిల్లాడు బుజ్జిబాబుగానే పెరిగాడు.

కళ్యాణి గోల్‌బజార్‌లో బట్టల కొట్లో పనికి పోతుంది. పొద్దున్న పోతే దీపాలు పెట్టే వేళకి వస్తుంది. పిల్లాడు పుట్టిన కొన్నాళ్ల నుంచీ అమ్మమ్మ చంకలోనే పెరిగాడు. వర్క్‌షాపు సైరన్ మోగి, ఎండ వాలాక హైమవతి వాణ్ణి తీసుకుని బయల్దేరుతుంది. పిల్లాణ్ణి తిప్పడానికి వెళ్తోందని అందరూ అనుకుంటారు. వాడికి లోకమంతా కొత్తే. మేకపిల్లను చూసి "ఏటి?" అంటాడు. ఇస్త్రీ బండిలోని నిప్పు, చెప్పులు కుట్టే రాబిన్ నోట్లోని మేకులు, నాలాలో కొట్టుకుపోతున్న కొబ్బరి చిప్ప, అన్నీ "ఏటి?" హైమవతి ఓపిగ్గా చెబుతుంది.

"అది మేక. అది నిప్పు, ముట్టుకుంటే సుర్రుమంటాది. ఆ తాత మేకులు మింగడులే, సూడు, తీసి కొడతన్నాడు."

"అమ్మా, మీ మనవడికి నా పనే నచ్చినట్టుంది, వొదిలెల్లిపో" అనేవాడు రాబిన్.

"ముందు నీ కొడుక్కి నేర్పు నాయనా, ఆడు సెల్‌ఫోనొగ్గి ఒస్తే."

నవ్వుతూనే ఉండేది కానీ, ఆమె కళ్లు వేరే పనిలో ఉండేవి. ట్రాఫిక్ కాలనీ దాకా నడిచి, కాలివంతెన ఎక్కి నిలబడేది. కింద గూడ్సు బండి పోతుంటే పిల్లాడు పెట్టెలను చూసేవాడు, ఆమె మనుషులను చూసేది. ఖాకీ చొక్కా ఎవరి వీపు మీద కనబడినా కాళ్లు వాటంతటవే కదిలేవి. ఒకసారి వంగి నడుస్తున్న ముసలాయన వెనకాల చాలా దూరం పోయింది. ఆయన వెనక్కి తిరిగి, "క్యా హువా, బహన్‌జీ?" అన్నాడు. ఏమీ లేదని చెప్పి తిరిగి వచ్చింది. చంకలో బుజ్జిబాబు దారి పొడుగునా ఆయన వెళ్లిన వైపే చూశాడు. ఆమె వాడి తలను తన వైపు తిప్పుకుంది. తనను తాను వెతుక్కుంటున్నట్టు చూస్తున్నాడేమిటి వీడు, అనిపించింది.

అలాంటివి పెరుగుతూ వచ్చాయి. వాడు నిద్రలో పళ్లు కొరికితే ఆయనలాగే ఉండేది. పాలగ్లాసు తాగాక బోర్లించేవాడు. అదీ ఆయన అలవాటే. ఒక మధ్యాహ్నం పిల్లాడు ఆమె మోకాలి చిప్పను అట్లకాడతో మెల్లగా తట్టి, ఎడమ చెవి ఆనించి విన్నాడు. హైమవతి ఊపిరి బిగబట్టింది. వాడు చాలాసేపు విన్నాడు. "పోనీ" అనలేదు. ఎందుకనలేదో ఆమె అడగలేకపోయింది.

ఎండలు ముదిరాక వాడికి పుట్టెంట్రుకలు తీయించాలనుకున్నారు. వాసుదేవ్ సెలవు పెట్టాడు. ఆ వేళకే పేరు కూడా పెట్టేద్దామని కళ్యాణి ఆ మాట మళ్లీ ఎత్తింది. ఈసారి పోట్లాడలేదు. కొట్టు నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా గడప మీద కూర్చుంది.

"అమ్మా, నాకింక ఎతికే ఓపిక నేదు. బస్సులో ముసిలోడు కనిపిస్తే నాకూ గుండె జారిపోతాది, నీకొక్కదానికే అనుకోకు. ఈడిలో ఉన్నాడనుకుంటే నిద్దరడతంది. అంతే. నువ్వొద్దంటే మానేస్తాను."

హైమవతి కూతురి కాళ్లకి చెంబుతో నీళ్లు తెచ్చిపెట్టింది. అవునంటే ఆయన్ని తన చేత్తో పూడ్చినట్టు, కాదంటే కూతురి నిద్ర లాగేసినట్టు. ఆలోచించుకుని చెబుతానంది.

మర్నాడు మంచినీళ్ల కుండ కోసం పిల్లాణ్ణి తీసుకుని బజారుకెళ్లింది. దారి పక్కన కుండలమ్మే బెంగాలీ ముసలమ్మ కొత్తగా వచ్చింది, మేదినీపూర్ అవతలి ఊరు. హైమవతి ఒక కుండ ఎత్తి, కొట్టి చూసి, పక్కన పెట్టింది. ఇంకోటి ఎత్తింది. బుజ్జిబాబు కిందనున్న మూకుళ్లను అట్లకాడతో తట్టుకుంటూ పోతున్నాడు. పగలగొడతాడేమోనని ఆమె "ఒరే, మెల్లగా" అంటూనే ఉంది. ముసలమ్మ మాత్రం వద్దనలేదు. ఇద్దరినీ చూసి బోసినోటితో నవ్వింది.

"నాతి ఏక్దమ్ తోమార్ మతో, దీదీ" అంది. మనవడు అచ్చం నీలాగే ఉన్నాడని.

హైమవతి తనకొచ్చిన బెంగాలీలో, నాలాగ కాదు, వాళ్ల తాతలాగ అంది. ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందా అని తనే ఉలిక్కిపడింది.

ఆ తాతను నేనెక్కడ చూశాను, నిన్ను చూసి అంటున్నాను అంది ముసలమ్మ. అందరూ కుండను కొట్టి చూస్తారు, నీలాగ తల వాల్చి, నోరు తెరుచుకుని, మోత చచ్చేదాకా ఎవరూ వినరు. అదిగో, నువ్వు కుండకి చెవి ఆనిస్తే వాడు మూకుడికి ఆనించాడు, అని చూపించింది.

హైమవతి చేతిలో కుండ అలాగే ఉండిపోయింది. తన ఎడమ చెవి దానికి ఆని ఉంది. ఆమెకి కుడి చెవి శుభ్రంగా వినబడుతుంది. ఎడమ చెవితో వినాల్సిన అవసరం ఏనాడూ లేదు.

ఎప్పటి నుంచి ఇలా చేస్తోంది? ఆయన వెళ్లాక, ఇంట్లో చప్పుడు లేక తోచనప్పుడు, నీళ్ల డ్రమ్మును కొట్టి ఎంతవరకు ఉందో వినేది. గ్యాసు సిలిండరును తట్టేది. కొబ్బరికాయను తట్టేది. విన్నాక "పోనీ" అనుకునేది. పైకే అనుకునేదా? అనే ఉంటుంది. గ్లాసు బోర్లించేది కూడా తనే. ఇన్నాళ్లూ అవన్నీ ఆమె చంకలో కూర్చుని ఒకడు చూస్తున్నాడు. దేముణ్ణి ఎరిగినవాళ్లందరికీ పిల్లాడిలో దేముడే కనిపించాడు. ఆయన్ని ఎరగని మనిషికి ఉన్నది ఉన్నట్టు కనిపించింది.

ముందు ఆమెకి నవ్వొచ్చింది. బజారులో నిలబడి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. వీడు ఆయన కాడు. అయితే ఆయన ఎక్కడో ఒకచోట ఉండే ఉండొచ్చు. ఇన్నాళ్ల బరువు దిగినట్టయి, కుండ భుజాన, పిల్లాడు చంకన ఉన్నా తేలిగ్గా నడిచింది.

కాలివంతెన దగ్గరికి వచ్చేసరికి ఆ తేలిక పోయింది. మెట్లు ఎక్కబోయి ఆగింది. వీడు ఆయన కాకపోతే, ఈ రెండేళ్లూ తన పక్కన ఎవరూ లేరన్నమాటే. భయపడుతూనే ఆ భయానికి అలవాటు పడింది. మోకాలు తట్టినప్పుడు బిగబట్టిన ఆ ఊపిరిలో, వద్దు వద్దంటూనే, కాస్త మాట్లాడవా అని అడుక్కుంది కూడా. ఆ రోజు వంతెన ఎక్కకుండానే ఇంటికి తిరిగింది. కళ్యాణికి చెప్పేయాలనుకుంది. నేర్పింది నేనేనే అని ఒక్క ముక్క చెబితే చాలు, పేరు గొడవ తీరిపోతుంది.

కళ్యాణి వచ్చేసరికి చీకటి పడుతోంది. తలనొప్పిగా ఉందని చాప మీద వాలింది. బుజ్జిబాబు వచ్చి తల్లి నుదుటి మీద వేలితో రెండుసార్లు తట్టి, చెవి ఆనించాడు.

"సెప్పు నాన్నా, బాగుందా? ఎక్కడైనా పగిలిందేటి?" అంది కళ్యాణి కళ్లు మూసుకునే.

"పోనీ" అన్నాడు వాడు.

కళ్యాణి వాణ్ణి గుండెకి అదుముకుని, ఆ తలనొప్పితోనే అలా నిద్రలోకి జారిపోయింది. హైమవతి గుమ్మంలో నిలబడి చూసింది. నాలుక చివర దాకా వచ్చిన మాట మళ్లీ లోపలికి పోయింది. తండ్రిని ఒకసారి పోగొట్టుకున్న పిల్ల. రెండోసారి నా చేత్తో నేనే పోగొట్టించనా, అనుకుంది.

కూతురు లేచాక అన్నం వడ్డిస్తూ, "పెట్టుకో ఆ పేరు" అంది.

కళ్యాణి కంచంలో చెయ్యి ఆపేసింది. "నిజంగానేటమ్మా?"

"పెట్టుకో అన్నాను కదే. నేను మాత్రం పిలవను."

"నువ్వెలాగ పిలుస్తావులే, మొగుడి పేరు" అని కళ్యాణి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. హైమవతి పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ పేరు నోటితో పలికింది లేదు. ఆమె ఎందుకు పిలవదో ఎవరికీ అనుమానం రానక్కర్లేదు. ఆ చాటు తనకి చాలనుకుంది.

పుట్టెంట్రుకల రోజు వాకిట్లో పిల్లాడికి గుండు గీశారు. వాడు ఏడ్చి, గంధం రాయగానే ఆ చల్లదనానికి ఊరుకున్నాడు. వాసుదేవ్ పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాశాడు. పెద్దవాళ్లంతా తలా ఒకసారి ఆ పేరుతో పిలవాలన్నారు. ముందుగా ఎస్తేరమ్మే గొంతెత్తింది. ఆ ఇంటి వాకిట్లో ఎవరూ ఎన్నాళ్లుగానో పిలవని పిలుపు.

"దేముడూ."

అందరూ గుండుతో ఉన్న పిల్లాడి వైపు చూశారు. హైమవతి వీధి వైపు తిరిగి చూసింది. కొంగు సర్దుకుని, బొట్టు సరిగ్గా ఉందో లేదో తడుముకుంది.

"ఎవులొచ్చినారొదినా?" అంది ఎస్తేరమ్మ.

"ఎవులూ రానేదు" అని హైమవతి విస్తళ్లు వెయ్యడానికి లేచింది. ఒకటి ఎక్కువే వేసింది.