ఇరవై అయిదు వందలు

ఫ్రైబర్గ్‌లో చదువుకునే తెలుగు పిల్లలందరూ ధీరజ్‌ను స్టెబిలైజర్ అని పిలిచేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. జనగామలో వాళ్ల నాన్న నరసింహులుకు మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉంది. సాయంత్రమైతే వోల్టేజ్ పడిపోయి బల్బులు ఎర్రగా మూలిగే రోజుల్లో, స్టెబిలైజర్లు చంకన పెట్టుకుని జనం ఆ దుకాణం ముందు నిలబడేవారు. కొడుకు ఆ రాగితీగ వాసనలోనే పెరిగాడు. మెటీరియల్స్ చదవడానికి జర్మనీ వచ్చినా ఆ అలవాటు వెంటే వచ్చింది. ఎవరి రైస్ కుక్కర్ మొరాయించినా, ఇంటి నుంచి తెచ్చుకున్న మిక్సీ ఎవరిది తిరగకపోయినా ధీరజ్ వెళ్లాల్సిందే. వెళ్లి, దాన్ని విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. కాలిన తీగ ఏదో, కాలబోయే తీగ ఏదో అతనికి వాసనలోనే తెలిసిపోయేది. "నడుస్తది" అన్నాడంటే ఇక ఆ వస్తువు గురించి ఎవరూ బెంగపడేవారు కాదు. "వద్దు" అంటే ఎంత ముద్దుగా కొనుక్కున్నదైనా చెత్తలోకి పోయేది.

ఒక మనిషి మాటను నలుగురూ అలా నెత్తిన పెట్టుకోవడం ఆ మనిషికే మంచిది కాదు. తప్పు చేసే వీలు కూడా మిగలదు. ఈ సంగతి ధీరజ్‌కు ఆ కరోనా చలికాలంలో తెలిసొచ్చింది.

అతని ఫ్లాట్‌లోనే రెండో గదిలో ఉండేవాడు సృజన్, కాకినాడ కుర్రాడు. నవ్వితే పక్కింటికి వినపడేది. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది, దాని మీద సిగరెట్లు. ఆ రెండూ ఎలా కుదురుతాయిరా అని అడిగితే తన ఊపిరితిత్తులకు ఆ మాత్రం సరదా ఉండొద్దా అనేవాడు. కరోనా వచ్చాక ఆ సరదా దిగిపోయింది. ఊపిరితిత్తులు పాడైన కుర్రాళ్ల కబుర్లు రోజూ ఫోన్లో చదివి చదివి హడలిపోయి, ఒకరోజు సిగరెట్ పెట్టె తీసుకెళ్లి చెత్తడబ్బాలో పడేసి, బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్, అదే వేప్, పట్టుకున్నాడు. అది కూడా పొగే కదా అని ధీరజ్ సణిగాడు. ఇన్హేలర్ జేబులో పెట్టుకుని వేప్ నోట్లో పెట్టుకునే మనిషిని అతను ఇంకెక్కడా చూడలేదు. అయినా సిగరెట్ కంటే నయమేలే అని ఊరుకున్నాడు.

చిన్న వేప్‌తో సృజన్‌కు తృప్తి లేదు. గొంతులో తగలడం లేదు, దమ్ము లేదు అని ఒకటే గోల. అదే సమయానికి ఉద్యోగం వచ్చి ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊరికి వెళ్లిపోతున్న సీనియర్ ఒకతను సామానంతా పంచేస్తూ వీడి చేతిలో ఒక లావుపాటి రాగి గొట్టం పెట్టాడు, అదీ వేపే. లోపల రెండు బ్యాటరీలు ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. పైన తీగచుట్ట, కింద మీట. అంతే. తెర లేదు, చిప్పు లేదు. మీట నొక్కితే బ్యాటరీలో ఉన్నదంతా నేరుగా తీగలోకి పోతుంది. ఎక్కువైతే ఆపే నాథుడు లేడు. ధీరజ్ ఆ గొట్టాన్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి చూశాడు. అతనికి అది ఏమాత్రం నచ్చలేదు.

భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. నిండిన బ్యాటరీ ఒకటి నాలుగు పాయింట్ రెండు వోల్టులు ఇస్తుంది. రెండు వరుసగా పెడితే ఎనిమిది పాయింట్ నాలుగు. వోల్టేజ్ రెట్టింపయింది కదా అని బ్యాటరీ బలం రెట్టింపు కాదు. ఒకడి భుజాల మీద ఇంకొకడు ఎక్కితే ఎత్తు పెరుగుతుంది గానీ కింద ఉన్నవాడి కాళ్లకు కొత్త సత్తువ రాదు. ఈ తీగచుట్ట నిరోధం పాయింట్ నాలుగు ఓములు. అంటే మీట నొక్కిన ప్రతిసారీ ఇరవై ఒక్క ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటును తట్టుకునే బ్యాటరీలైతే సరే. తట్టుకోలేనివైతే లోపల కాగి, గ్యాసు పుట్టి, బయటికి దారి లేక గొట్టంతో సహా పేలుతుంది. అదీ మూతి ముందు.

ఒక్క బ్యాటరీ చాలే, లేదా నిరోధం ఎక్కువున్న తీగచుట్ట వేసుకో, కరెంట్ తక్కువ లాగుతుంది అని ధీరజ్ చెప్పాడు. తీగచుట్టలు కొందామంటే లాక్‌డౌన్‌లో దుకాణాలన్నీ మూసేశారు. ఒక్క బ్యాటరీతో సృజన్ ప్రయత్నించి మొహం చిట్లించాడు. చివరికి రెండూ వేస్తాననే అన్నాడు, అయితే స్టెబిలైజర్ నోటి నుంచి నడుస్తది అనే మాట వస్తేనే. గొట్టంతో పాటు వచ్చిన బ్యాటరీలు చూసి చెప్తానన్నాడు ధీరజ్. చూసేలోపే అతను మంచాన పడ్డాడు.

పార్శిళ్ల గోదాములో అతనికి చిన్న ఉద్యోగం ఉండేది. అక్కడ ఒకరి తర్వాత ఒకరికి జ్వరాలు వచ్చాయి, ఇతనికీ వచ్చింది. టెస్ట్ పాజిటివ్. గెజుండ్‌హైట్సాంట్, అంటే అక్కడి ఆరోగ్య శాఖ ఆఫీసు, నుంచి ఒకావిడ ఫోన్ చేసి, గది దాటవద్దని, క్వారంటైన్ ముగిసేదాకా తలుపు మూసుకుని ఉండమని గట్టిగా చెప్పింది. ధీరజ్‌కు ఆవిడ చెప్పాల్సిన అవసరమే లేదు. గోడ అవతల ఉబ్బసం ఉన్నవాడు ఉన్నాడు. తన ఊపిరి వాడిదాకా వెళ్తే వాడు తట్టుకోలేడన్న భయం అతనికి జ్వరం కంటే ఎక్కువగా ఉండేది. బాత్రూమ్‌కు వెళ్లేముందు సృజన్‌కు మెసేజ్ పెట్టి, వాడు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాకే బయటికి వచ్చేవాడు. వెళ్లొచ్చాక కిటికీలన్నీ తెరిపించేవాడు. సృజన్ పప్పూ అన్నమూ వండి తలుపు బయట పెట్టి, మాస్కుతో నడవా చివర నిలబడి కబుర్లు చెప్పేవాడు. ఆ కూరల వాసన ధీరజ్‌కు తెలిసేది కాదు. జ్వరం వచ్చిన మర్నాటి నుంచే ముక్కు పనిచేయడం మానేసింది.

ఆదివారం మధ్యాహ్నం, బయట మంచు కురుస్తుండగా, సృజన్ తలుపు అవతలి నుంచి మళ్లీ అదే పాట ఎత్తాడు. బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టేశాడట, వేసుకోవచ్చా లేదా ఒక్క మాట చెప్పమన్నాడు. ధీరజ్ దుప్పట్లోంచి తల బయటపెట్టాడు.

"బ్యాటరీ మీద కరెంట్ ఎంత రాసున్నది?" అని అడిగాడు.

ఇక్కడే ఉంది తిరకాసంతా. ధీరజ్ అడిగింది ఆంపియర్లు. కానీ మన ఇళ్లలో కరెంట్ అంటే అన్నీ కరెంటే. కరెంట్ పోయింది, కరెంట్ బిల్లు వచ్చింది, ఫోన్లో కరెంట్ అయిపోయింది. సృజన్ మేనేజ్‌మెంట్ చదివే కుర్రాడు, వాడికి అర్థమైంది బ్యాటరీలో ఎంత నిండుతుందనే. పచ్చరంగు తొడుగు మీద ఒకే ఒక్క అంకె ఉంది, రెండు వేల అయిదు వందలు. అది ఆంపియర్లు కాదు, బ్యాటరీ పట్టే ఛార్జ్. ఆ అంకెను వాడు మనవాళ్లు చదివినట్టే చదివాడు.

"ఇరవై అయిదు వందలు," అన్నాడు.

వందలు అనే మాట దగ్గర ధీరజ్‌కు దగ్గు తెర వచ్చింది. అతని చెవిన పడింది ఇరవై అయిదు. లాగేది ఇరవై ఒకటి, తట్టుకునేది ఇరవై అయిదు. లెక్క చక్కగా సరిపోయింది. లెక్క తేడాగా వచ్చి ఉంటే రెండోసారి అడిగేవాడు పాపం. సరిపోయిన లెక్కను ఎవరు అనుమానిస్తారు?

"నడుస్తది," అన్నాడు. ఎందుకైనా మంచిది ఒక ఫొటో పంపమని కూడా అన్నాడు. సృజన్ సరేనని హుషారుగా వంటింట్లోకి వెళ్లిపోయాడు.

కాసేపటికి మీట నొక్కిన చప్పుడు, తీగ చిటపటలాడిన చప్పుడు వంటింటి గోడలోంచి వినిపించాయి. ఆ వెనకే సృజన్ నవ్వు. ధీరజ్ కళ్లు మూసుకుని తనూ నవ్వుకున్నాడు. ఆరోగ్యంగా ఉన్న రోజైతే రాగి కాగుతున్న వాసన తలుపు సందులోంచి వచ్చి అతన్ని మంచం మీది నుంచి లేపేసేది. ఆ రోజు ఏ వాసనా రాలేదు. చిటపట మాత్రం ఆగి ఆగి వినబడుతూనే ఉంది.

ఫొటో తీరిగ్గా వచ్చింది. గొట్టంలో వేయకముందు బల్ల మీద పెట్టి తీసినట్టున్నాడు. ధీరజ్ బద్ధకంగా తెరిచి, వేళ్లతో పెద్దది చేసి చూశాడు. 2500. పక్కన ఛార్జ్‌ను సూచించే చిన్న అక్షరాలు. ఆంపియర్ల ఊసే లేదు. బ్యాటరీ కొసన, మెరిసే రేకు మీద, రెండు చిన్న మచ్చలు కనిపించాయి. రేకులు అతికించి పీకేసిన గుర్తులవి. అంటే ఏదో చచ్చిపోయిన లాప్‌టాప్ పొట్టలోంచి తీసి, పైన కొత్త తొడుగు వేసిన బ్యాటరీలు. అలాంటివి అయిదు ఆంపియర్లకే ఆయాసపడతాయి. వాటి నుంచి సృజన్ ఇరవై ఒకటి లాగుతున్నాడు, ఇంతసేపటి నుంచీ, పెదవుల మధ్య పెట్టుకుని.

ధీరజ్ సృజన్‌ను పేరు పెట్టి అరిచాడు, దగ్గుకు బొంగురుపోయిన గొంతు గోడ దాటలేదు. ఫోన్ చేశాడు, ఎంగేజ్ వచ్చింది. వాడు ఎవరితోనో మాట్లాడుతూ పొగ వదులుతున్నాడు. గోడ మీద దబదబా బాదాడు. అవతల సృజన్ కూడా సరదాగా బాదాడు.

మాస్క్ బల్ల మీద ఉంది. ధీరజ్ దాన్ని చూశాడు కూడా. చూసి, తలుపు లాగి పరుగెత్తాడు.

వంటింట్లో సృజన్ చెవుల్లో ఇయర్‌ఫోన్లతో కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. గొట్టం చురుక్కుమంటోందని గిన్నెలు తుడిచే గుడ్డలో చుట్టి పట్టుకుని మళ్లీ నోటి దగ్గరికి తీసుకెళ్తున్నాడు. ధీరజ్ దాన్ని లాక్కున్నాడు. అరచెయ్యి కాలింది. గొట్టం లోపల ఏదో బుసకొడుతోంది. ఒంటిచేత్తో కిటికీ తెరిచి పెరట్లోని మంచులోకి విసిరేశాడు. అది పడీ పడగానే పేలింది. రాగి మూత ఎగిరి సైకిళ్ల షెడ్డు రేకును చీల్చుకుంటూ పోయింది. ఎదురింటి కిటికీలో పరదా పక్కకు జరిగి, ఒక ముసలావిడ మొహం కనబడి, మళ్లీ పరదా పడింది.

సృజన్ తన పెదవులు తడుముకున్నాడు. పళ్లు తడుముకున్నాడు. ఆ తర్వాత ధీరజ్‌ను గట్టిగా వాటేసుకున్నాడు. వాడు ఏడుస్తున్నాడు. ధీరజ్ కూడా వదల్లేదు. బతికున్నాడు, మొహం మొహంలాగే ఉంది, అంతకంటే ఏం కావాలి అనిపించింది. పరుగెత్తిన ఆయాసానికి దగ్గు ముంచుకొచ్చింది. వాడి మెడ వంపులో మొహం పెట్టి ఆపుకోలేక దగ్గాడు, చాలాసేపు దగ్గాడు.

ముందు తేరుకున్నది సృజన్. మెల్లగా చేతులు వదిలి వెనక్కి జరిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరి మొహానా మాస్క్ లేదు. ధీరజ్ తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత అతను చేసిన పని గోడకు చెవి ఆనించి వినడం ఒక్కటే. మూడో రోజు మొదట వినబడింది గొంతు సవరించుకోవడం. బ్యాటరీ పొగ పీల్చాను కదా, దాని తాలూకే అని సృజన్ తలుపు అవతలి నుంచి తేలిగ్గా చెప్పాడు. ధీరజ్ అవునన్నాడు. నమ్మడానికి ఎంతో ప్రయత్నించాడు. తర్వాత దగ్గు వచ్చింది. తర్వాత ఇన్హేలర్ చప్పుడు, కాసేపు ఆగి మళ్లీ ఇన్హేలర్ చప్పుడు. చివరికి ఊపిరి లోపలికి పోవడానికే పెనుగులాడే పిల్లికూత. ధీరజే అత్యవసర నంబరు నూటపన్నెండుకు ఫోన్ చేశాడు. తెల్ల దుస్తుల్లో వచ్చినవాళ్లు సృజన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపుకుని తీసుకెళ్లారు. వాడు వెళ్తూ ధీరజ్ తలుపు వైపు చెయ్యి ఊపాడు.

కాకినాడ నుంచి సృజన్ నాన్న రవీంద్రనాథ్ గారు ఫోన్ చేసేసరికి ధీరజ్ క్వారంటైన్ ముగిసింది. వాళ్లబ్బాయిని నిద్రలో ఉంచి ఊపిరి మెషిన్ మీద పెట్టామని ఆసుపత్రివాళ్లు చెప్పారట. ఆయన గొంతు మర్యాదగా ఉంది. ఏడ్చి, మొహం కడుక్కుని, ఆ తర్వాత ఫోన్ చేసిన గొంతు అది.

"బాబూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. మావోడికి ఎక్కడ అంటుకుంది?"

ధీరజ్ కళ్ల ముందు వంటింటి కిటికీ మెదిలింది. అంటుకోలేదు అంకుల్, ముందే బయట పడేసిన అనబోయాడు. నోటిదాకా వచ్చాక గానీ ఆయన అడుగుతున్నది ఏ అంటుకోవడమో తెలియలేదు.

"నీకు వండిపెడతన్నానని చెప్పేవోడు," అన్నారాయన. "గిన్నె తలుపు కాడ పెట్టి వచ్చేత్తాను నాన్నా, దగ్గిరికెళ్లను, భయపడకండి అనేవోడు. మరి మాట తప్పాడా బాబూ? నీ దగ్గిరికి గానీ వచ్చాడా?"

తప్పుకోవడానికి దారులు చాలా ఉన్నాయి. సూపర్‌మార్కెట్ ఉంది, బస్సు ఉంది, ఊరంతా జబ్బే ఉంది. ఏది చెప్పినా ఆయన నమ్మేవారు. స్నేహితుడికి సేవ చేయబోయి తెచ్చుకున్నాడని తన కొడుకు గురించి గర్వపడటానికి కూడా సిద్ధంగా ఉన్నారు.

"వాడు రాలే అంకుల్," అన్నాడు ధీరజ్. "నేనే పోయిన."