కిరోసిన్ డబ్బా మీద రాక్ పాటలు

మే నెలలో సరిహద్దు మంచుకొండల మీది ఆ సైనిక పోస్టుకు చేరాను. మా కోడేరులో అప్పుడు పగటిపూట చెప్పుల్లేకుండా వాకిట్లోకి దిగలేం. అక్కడ బంకరు గడప దాటితే మోకాలి లోతు మంచు. ఒంటి మీద మూడు పొరల బట్టలు, చేతులకు రెండు జతల తొడుగులు, భుజాన రైఫిల్. ఊపిరి అందక తలుపు దగ్గరే కూలబడ్డాను.

"ఏ ఊరు తమ్మీ?" నా నాడి పట్టుకుని అడిగాడు నర్సింగ్ అసిస్టెంట్.

"కోడేరు, అన్నా."

"అరె, మనోడే! నాది గద్వాల. జరసేపు గిట్లనే కూసో. లేవకు."

గద్వాల అన్నకు మందులు ఎంత తెలుసో డెబ్బైల నాటి ఇంగ్లీషు రాక్ పాటలూ అంతే తెలుసు. రాయచూరులో మేనమామకు క్యాసెట్ల దుకాణం ఉండేదట. సెలవులన్నీ అక్కడే గడిపాడు. అతనికి సరిజోడు మా రేడియో ఆపరేటర్, షిల్లాంగ్ వాడు. వాళ్ల ఇంట్లో తాత కూడా గిటార్ వాయిస్తాడట.

రోజూ సాయంత్రం ఇద్దరికీ పోటీ. ఒకడు ఖాళీ కిరోసిన్ డబ్బా మీద చెంచాలతో ఒక పాట డ్రమ్స్ కొడతాడు. ఏ బ్యాండో, ఏ సంవత్సరమో, డ్రమ్స్ ఎవరివో రెండోవాడు చెప్పాలి. ఓడినవాడు మరునాడు మంచు కరిగించి నీళ్లు చెయ్యాలి. ఒక పాట మీద మాత్రం తగువు తెగలేదు. క్యాసెట్ అట్ట మీది ఫొటోలో ఉన్నవాడే కొట్టాడని గద్వాల అన్న. వాడికి జ్వరమొస్తే స్టూడియోలో ఇంకొకడు కొట్టాడని ఆపరేటర్. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

నాకు బ్యాండ్ల పేర్లు తెలియవు. కానీ మాది డప్పు కొట్టే ఇల్లు. ఒకసారి వింటే ఏ దరువైనా తిరిగి కొడతాను. ఆ తగువు పాటలో నాలుగో దెబ్బ కావాలనే ఆలస్యంగా పడుతుంది. దానికి కుంటి దరువు అని పేరు పెట్టాను. పీర్ల పండుగ నాడు అట్లా కొడితే మా ఊళ్లో తిట్లు తప్పవు.

అక్టోబరులో ఒక పొద్దున ఆపరేటర్, మరో జవాను కలిసి తెగిన టెలిఫోన్ తీగ అతకడానికి చేతి రేడియో సెట్టు ఒకటి పట్టుకుని దిగువకు వెళ్లారు. పదకొండింటికి గాలి లేచింది. మంచు చరియ విరిగిపడింది. జవాను ఒక్కడే పాక్కుంటూ తిరిగొచ్చాడు. ఆపరేటర్ ఎటు పోయాడో అతను చూడలేదు.

నన్ను రేడియో దగ్గర కూర్చోబెట్టారు. మా పోస్టు పెద్ద సుబేదార్ సాబ్ ఎన్నిసార్లు పిలిచినా సెట్లో గరగర తప్ప మాట లేదు. "ఎక్కడున్నాడో తెలియకుండా మనుషుల్ని పంపితే వాళ్లనూ పోగొట్టుకుంటాం" అన్నారు. ఆయన మాట న్యాయమే. నాకు మాత్రం కోపంతో ఏడుపొచ్చింది.

అంతలో గరగర తెగి తెగి వినబడసాగింది. మంచుగాలికి సెట్టు అప్పుడప్పుడు అట్లాగే చేస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నాలుగోది ఆలస్యంగా పడకపోతే నేనూ పట్టించుకునేవాణ్ని కాదు.

"అన్నా, గిది గాలి కాదు! కుంటి దరువు! మనోడు సెట్టు బటన్ నొక్కుతుండు!"

గద్వాల అన్న చెవి ఆనించి విన్నాడు. "వాడే! మైకు పాడైనట్టుంది. మన మాట ఇనబడుతుందేమో అడుగున్రి సాబ్."

సాబ్ మైకు అందుకున్నారు. "అవునంటే ఒకసారి నొక్కు, కాదంటే రెండుసార్లు. తీగ స్తంభం దగ్గరున్నావా?" రెండుసార్లు. "పెద్ద బండ కిందా?" ఒకసారి. మా అందరికీ పోయిన ప్రాణం లేచొచ్చింది.

గద్వాల అన్న ఆగలేక మైకు లాక్కున్నాడు. "ఒరేయ్, డ్రమ్స్ కొట్టింది ఫొటోల ఉన్నోడే గద?"

వెంటనే రెండుసార్లు నొక్కాడు. బంకరంతా పగలబడి నవ్వాం. తిట్టబోయిన సాబ్ కూడా నవ్వేశారు.

గాలి తెరిపివ్వగానే నడుములకు తాళ్లు కట్టుకుని దిగాం. బండ కిందే దొరికాడు. కాలు విరిగింది, అంతే. ఇప్పుడు షిల్లాంగ్‌లో హాయిగా ఉన్నాడు. గద్వాల అన్నతో తగువు ఫోనులో ఇంకా నడుస్తోంది.

ఫిబ్రవరిలో ఆ పోస్టులో నా వంతు అయిపోయింది. నాగర్‌కర్నూల్ బస్టాండులో దిగితే మా తమ్ముడు బండి మీద వచ్చాడు. "ఆడ మస్తు పరేషాన్ అయినవా అన్నా?" అని అడిగాడు.

"ఏం లేదురా, పాటలు విన్న" అన్నాను. వాడు నమ్మలేదు.

ఫౌజు వదిలి ఇంటికొచ్చేశాక కూడా నా కళ్లలోంచి పోనిది ఒకటే. ఆ రోజు బండ కింద మంచు తవ్వి ఆపరేటర్ పక్కకు చేరాం. కళ్లు మూతలు పడి ఉన్నాయి. మేము వచ్చినట్టు తెలియదు. సెట్టు బ్యాటరీ అప్పటికే చచ్చిపోయింది. బిగుసుకున్న వేళ్లలోంచి దాన్ని మెల్లగా విడిపించి, అతని చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. నా అరచేతి మీద ఆ బొటనవేలు ఇంకా నొక్కుతూనే ఉంది.