మావకి కొట్టని తప్పెట్లు

పోయిన ఆదివారం మా వీధిలో ఒకావిడ బలవంతం మీద పక్షుల్ని చూడ్డానికి వెళ్ళొచ్చాను. ఫోనులో ఏదో గ్రూపులో నన్ను చేర్చింది ఆవిడే, బస్సులో సీటు పట్టింది ఆవిడే, అందరికీ పంచిన పచ్చ టోపీ నా నెత్తిన పెట్టిందీ ఆవిడే. మా ఆయన పోయి ఏడాది దాటినా నేను గుమ్మం దిగడం లేదని, నలుగురిలో పడితే మనసు తేలికపడుతుందని ఆవిడ ఉద్దేశం. నా మనసు బరువుగా ఉందని ఆవిడకి ఎవరు చెప్పారో తెలీదు. బరువూ లేదు, తేలికా లేదు. పన్ను పీకేముందు సూదిమందు ఇస్తే చిగురు ఎలా ఉంటుందో అలా ఉంది, అంతే.

ఎక్కడికని నేనూ అడగలేదు, నరసన్నపేట దాటాక కునుకు పట్టేసింది. మెలకువ వచ్చేసరికి బస్సు వరిచేల మధ్య ఆగి ఉంది. మమ్మల్ని తీసుకెళ్ళిన కుర్రవాడు అందరినీ పొలం గట్టు మీద ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి, మాట్లాడకుండా, చప్పుడు చెయ్యకుండా నడవమన్నాడు. ఆ వరసలో చివరన నిలబడి ముందున్న వీపులు చూస్తుంటే, ఇది నాకు తెలిసిన ఊరేనని, పెళ్ళైన కొత్తలో ఈ గట్టు మీదే ఇలాంటి ఒక వరస వెనకాల నడిచానని గుర్తొచ్చింది.

మన ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, అప్పట్లో పక్షుల్ని చూడ్డానికి వెళ్తున్నామంటే పనీపాటా లేనివాళ్ళని నవ్వేవారు. మా ఆయన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు, నేను మిషన్ బడిలో పంతులమ్మని. ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోగానే మా సంఘంలో ఓ నాలుగైదు కుటుంబాలవాళ్ళం పులిహోర కేరేజీలు పట్టుకుని, ఆమదాలవలసలో పాసింజరెక్కి నౌపడలో దిగి, ఉప్పుమడులు దాటి, దొరికితే ఎడ్లబండి, దొరక్కపోతే నడక, అలా ఈ ఊరు చేరేవాళ్ళం. తొలకరికి వచ్చి, చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపి, వరికోతలయ్యే వేళకి వెళ్ళిపోయే కొంగలు ఈ ఊరికి ఉండేవి. ముక్కు మధ్యలో సందు ఉండి, నత్తల్ని తినే కొంగలు. అవి సైబీరియా నుంచి వస్తాయని ఊరంతా అనేది, కాదు మొర్రో అని మా ఆయన ఏళ్ళ తరబడి మొత్తుకున్నాడు, ఒక్కరూ నమ్మలేదు.

మా పని చూసి రావడమే కాదు. సముద్రం ఒడ్డున చేపల పని చేసుకునే వాళ్ళ దగ్గర చిరిగిపోయిన వలలు అడిగి తెచ్చి, చెట్ల కింద నలువైపులా లాగి కట్టేవాళ్ళం. పుల్లలతో కట్టిన ఆ గూళ్ళలోంచి పిల్లలు బెదిరి అడుగు తప్పితే నేలన పడి చచ్చిపోకుండా వలలో పడతాయని. చెట్టు కింద ఎవరూ గట్టిగా మాట్లాడకూడదని మా ఆయన నియమం. గుసగుసగా మాట్లాడినా పక్క ఊరికి వినబడే గొంతులు మన జిల్లావాళ్ళవి, ఆ నియమం నిలబెట్టడానికి ఆయన పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు.

అన్నిటికన్నా పెద్ద చింతచెట్టు ఒక గొల్లవారి వాకిట్లో ఉండేది. ఆ ఇంటావిడని మేమందరం అత్త అనీ, ఆయన్ని మావ అనీ పిలిచేవాళ్ళం. చెట్టు కింద వాకిలంతా రెట్టలు, కుళ్ళిన నత్తల కంపు, అయినా పక్షులొస్తేనే వాన పడుతుందని అత్త నమ్మకం. పురిటికొచ్చిన ఆడపిల్లల్ని చూసినట్టు వాటిని చూసేది. వాటి కోసం ఆ వీధిలో దీపావళికి టపాసు కూడా కాల్చనిచ్చేది కాదు. మావ తప్పెటగుళ్ళ దళానికి పెద్ద. గుండెకి తప్పెట కట్టుకుని ఆయన గంతులేస్తూ వాయిస్తుంటే చర్చికి పోయే మేము కూడా కాళ్ళు ఆపుకోలేకపోయేవాళ్ళం. తను పోతే తన దళం తన గుమ్మం ముందే వాయించి సాగనంపాలని ఆయన కనబడ్డవాళ్ళందరితోనూ అనేవాడు, చావు గురించి కాక పెళ్ళి గురించి మాట్లాడుతున్నట్టు, నవ్వుతూనే.

ఇందాక చెప్పిన ఆ ఆదివారం మేము గట్టెక్కేసరికి ముందు ఒక వరస నడుస్తోంది. ఒకరి వెనక ఒకరు, తలలు వంచుకుని, ఒక్క మాట లేకుండా. వరస మొదలు తాటిచెట్ల అవతలికి మళ్ళిపోయింది, మాకు తోకే కనబడుతోంది. ఊరివాళ్ళు కూడా మన పద్ధతి నేర్చుకుని పక్షుల్ని చూడ్డానికి బయల్దేరారని మా ఆయన ముఖం వెలిగిపోయింది. మేమూ సద్దు చెయ్యకుండా వెనకాల కలిశాం, కేరేజీలతో, మెళ్ళో దుర్భిణితో. గట్టు పొడుగునా పేలాలు పడి ఉన్నాయి. పక్షులకి గింజలు వేశారు కాబోలని మాలో ఒకాయన మురిసిపోయాడు కూడా. తాటిచెట్ల మలుపు తిరిగాక పాడె కనబడింది. మావ పాడె. మోస్తున్నవాళ్ళ వెనకే ఆయన దళం నడుస్తోంది, తప్పెట్లు గుండెకి కట్టుకోకుండా చంకలో పెట్టుకుని. మా ముందున్నాయన వెనక్కి తిరిగి మా కేరేజీలు చూశాడు, దుర్భిణి చూశాడు, మళ్ళీ ముందుకి తిరిగి నడిచాడు. మేమూ నడిచాం. ఇంకేం చెయ్యాలో మాకు తెలీలేదు.

తరవాత ఇంటికెళ్తే అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. తప్పెట్లు కట్టుకుని వచ్చిన దళాన్ని తనే ఆపిందట. ఆవిడ కళ్ళల్లో తడి లేదు.

“పైన పిల్లలు ఇంకా నిలదొక్కుకోనేదు పంతులమ్మా. తప్పెట మోగితే రాలిపోవా? అవి ఎల్లిపోయినాక కొట్టిస్తాను. ఆడికి నాను సెప్పుకుంటాను,” అంది. ఆ వెంటనే మమ్మల్ని తిన్నారా అని అడిగింది.

ఆడికి, అంటే మావకి, ఇచ్చిన ఆ మాటే ఆవిడకి తీరని బాకీ అయింది. కొంగలు వెళ్ళిపోయేది కోతలయ్యాక, దళంలో మగవాళ్ళు మేస్త్రీల వెంట మద్రాసుకీ, విశాఖపట్నానికీ పనులకి పోయేదీ కోతలయ్యాకే. తొలకరికి వాళ్ళు నాట్లకి తిరిగొచ్చేసరికి కొంగలు చెట్టు మీద ఉండేవి. చెట్టు ఖాళీగా ఉంటే ఊళ్ళో తప్పెట పట్టేవాడు ఉండడు, తప్పెట పట్టేవాడు ఉంటే చెట్టు ఖాళీ ఉండదు. దళాన్ని ఉప్పుమడుల దగ్గరికి తీసుకెళ్ళి వాయించి రావచ్చు కదా అని మా ఆయన ఒకసారి అంటే, గుమ్మం ముందు కొట్టమన్నాడు గానీ ఉప్పులో కొట్టమన్నాడా అని కసిరింది. వేరే ఊరి దళాన్ని పిలిపిద్దామంటే అసలే ఒప్పుకోలేదు. ఏటా మేము వెళ్ళినప్పుడల్లా వలకి తాళ్ళు అందిస్తూ, ఈ ఏడూ కుదరనేదు పంతులమ్మా అనేది, వాన పడలేదన్నట్టు. ఆవిడ ఎందుకు ఏడవదా అని నాకు అప్పట్లో వింతగా ఉండేది.

ఇప్పుడు వింతగా లేదు. పోయిన ఏడాది మా ఆయన్ని సమాధుల తోటకి తీసుకెళ్ళినప్పుడు మా సంఘం వాళ్ళు పాటలు చక్కగా పాడారు, పాస్టరు గారు చక్కగా మాట్లాడారు, లోపం అన్నది ఎక్కడా జరగలేదు. నేను ఇంటికొచ్చి ఉతికిన ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాను. అప్పుడూ ఏడుపు రాలేదు, ఇది రాస్తుంటే ఇప్పుడూ రావడం లేదు.

మా ఆయన మోకాళ్ళు పట్టేశాక మా ఆదివారాలు ఆగిపోయాయి, అత్త కబురు మళ్ళీ తెలీలేదు. మొన్న ఆ పచ్చ టోపీల వరస మమ్మల్ని తిన్నగా ఆ వాకిట్లోకే తీసుకెళ్ళింది. పెంకుటిల్లు పోయి స్లాబు ఇల్లు వచ్చింది. చింతచెట్టు ఉంది, దాని కింద మాకు కుర్చీలు వేశారు. టీ అందిస్తున్నావిడ అత్త కోడలట. నేనెవరో చెబితే చాలాసేపు నా చెయ్యి పట్టుకుంది. అత్త కొన్నేళ్ళ కిందట ఒక ఎండాకాలంలో పోయిందనీ, చివరి దాకా మావ తప్పెట్ల మాటే అనేదనీ చెప్పింది.

ఇంతలో గుండెలకి తప్పెట్లు కట్టుకుని కుర్రాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళకి స్వాగతంగా ఏర్పాటు చేశారట. దళం మావదే, మనుషులే కొత్తవాళ్ళు. సరిగ్గా ఆ గుమ్మం ముందు నిలబడి మొదలుపెట్టారు.

“సూడండి పంతులమ్మా,” అంది కోడలు, “మా మావ గుమ్మం ముందే కొడతన్నారు. ఆయనకని కాదు, మీకని.”

టోపీలు పెట్టుకున్నవాళ్ళంతా ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నేను పాత అలవాటు కొద్దీ, పిల్లలు బెదురుతాయని గబుక్కున పైకి చూశాను. అంత పెద్ద చెట్టులో ఒక్క గూడు లేదు. అత్త పోయిన ఏటి నుంచీ కొంగలు ఈ చెట్టు మీద వాలడం లేదని, ఎక్కడో చెరువు అవతల కాసిని కట్టుకుంటున్నాయని, అందుకే వాయించుకోనిచ్చామని కోడలు అంది. మన కాలంలో ఆ చెట్టు కింద దగ్గొస్తే చెంగు అడ్డం పెట్టుకునేవాళ్ళం, కట్టుకున్నవాణ్ణి కూడా చప్పుడు లేకుండా పంపించింది ఒక మనిషి. ఇప్పుడు అక్కడ ఎవరు ఎంత గట్టిగా కొట్టుకున్నా పరవాలేదు. పైన బెదిరేవాళ్ళు ఎవరూ లేరు.